సరిగ్గా పది, సరిగ్గా నాలుగు

మా కోడింగ్ సార్ మీద నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. పొద్దున తోటపల్లి గూడూరు నుంచి వచ్చే బస్సు నెల్లూరులో దిగి, పరుగెత్తుకుంటూ క్లాసు తలుపు దగ్గరికి చేరేసరికి గోడ గడియారంలో సరిగ్గా పది.

"పదిలోపల రమ్మన్నా గదమ్మా! పదయిందంటే లేటే," అని బయట నిలబెట్టారు. రూల్ రూలే అనుకుని పావుగంట నిలబడ్డాను.

లోపల ఈ రోజు పాఠం, రెండు అంకెలను పోల్చే గుర్తులు. మాలో సగం మందిమి రొయ్యల గుంటలున్న ఇళ్ళవాళ్ళమని ఆయన ఆ ఉదాహరణే ఎత్తుకున్నారు. గుంటలో ఆక్సిజన్ నాలుగుకు దిగగానే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ దానంతటదే తిరగాలని నోటితో చెప్పి, బోర్డు మీద మాత్రం "ఆక్సిజన్ < 4" అని, అంటే నాలుగుకన్నా తక్కువైతేనే అని, రాశారు.

"సార్, సరిగ్గా నాలుగు దగ్గర నిలిస్తే ఏరేటర్ తిరగదు గదా? పక్కన సమానం గుర్తు పెట్టాల," అన్నాను.

"ఆ ఒక్క గుర్తుకే కొంపలు మునిగిపోతాయా? ఉన్నది రాసుకో."

"మునిగేది మా గుంటే సార్, రొయ్యలు చచ్చి తేలతాయి. సరిగ్గా ఆ అంకె దగ్గరుంటే పట్టించుకోనక్కర్లేదంటే, పొద్దున సరిగ్గా పదికొచ్చిన నన్నెందుకు బయట నిలబెట్టినారు?"

క్లాసంతా గొల్లుమంది. రెండు గీతలు గీయడానికి బద్ధకించిన చెయ్యి, నాకు తలుపు చూపించడానికి మాత్రం చటుక్కున లేచింది.

మీకూ ఇలాంటి సార్లు తగిలి ఉంటే చెప్పండి, కలిసి తిట్టుకుందాం. వరండాలోంచి నేను చూసినంతసేపూ బోర్డు మీద ఆ తప్పు అలాగే ఉంది. లోపలున్న వాళ్ళంతా దాన్ని బుద్ధిగా రాసుకుంటున్నారు.