కౌంటరు కింద సంచీ

మా వీధికి కిరాణా కొట్టు ఒక్కటే. బోర్డు మీద ఏ పేరు రాసి ఉందో ఎవరూ చదవరు, అందరికీ అది పొట్లాలక్క కొట్టు. గల్లా ముందు కూర్చునేదీ, సామాను తెచ్చేదీ ఆవిడ మొగుడే అయినా పేరు మాత్రం ఆవిడకే వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. అసలు దేన్నీ పట్టించుకోడని ఆవిడ ఏడుపు.

పెళ్ళయి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఆవిడని కొట్టు వెనక గదిలో గోనెసంచుల మధ్య కూర్చోబెట్టి, పాత పేపర్ల కట్టా పురికొస ఉండా చేతిలో పెట్టిందట. అప్పటినుంచి ఆ గదే ఆవిడ రాజ్యం. పప్పు, పంచదార, రవ్వ ఏదైనా ఆవిడ తూచి, పేపర్లో చుట్టి, పురికొసతో ముడి వేస్తేనే ముందుకి వస్తుంది. లోకమంతా ప్లాస్టిక్ కవర్లకి మారినా ఆవిడ మారలేదు. ఆ పొట్లం మేడ మీంచి పడేసినా విడదు. నేనైతే పళ్ళతో కొరుకుతాను.

ఆ గదికి సందువైపు ఇంకో తలుపుంది. చేతిలో డబ్బులు లేనివాళ్ళు కొట్టు ముందుకి రారు, ఆ తలుపు దగ్గర నిలబడి దగ్గుతారు. ఆవిడ చేతికి ఎముక లేదు. కొట్టు సరుకు ఇస్తే మొగుడేమంటాడోనని, తన వంటింటి డబ్బాల్లోంచి తీసి ఇచ్చేస్తుంది. సాయంత్రానికి సొంత ఇంట్లో ఉప్పు లేదని పక్కనే ఉన్న మా ఇంటికి గిన్నె పట్టుకొస్తుంది. కిరాణా కొట్టు వాళ్ళు ఉప్పు అప్పు అడగడం మా ఇంట్లో పాత జోకు.

ఇంత మంచి మనిషికీ ఒక్క జబ్బు ఉంది. కుళ్ళు. ఒకళ్ళ నగలు చూసి గానీ, ఒకళ్ళ మేడలు చూసి గానీ కాదు. మొగుడి మాట మీద. ఆయన నోరు విప్పడమే అపురూపం. రోజు మొత్తానికి రాలేది నాలుగు ముక్కలు. ఆ నాలుగూ తనకే దక్కాలని ఆవిడ పంతం. ఎవరితోనైనా ఐదో ముక్క మాట్లాడితే చాలు, వెనక గదిలో పురికొస తెగిన చప్పుడు వినిపిస్తుంది.

ఆ జబ్బు అలా ఉండగా అసలు జబ్బు వచ్చింది. రేపటినుంచి అన్నీ మూసేస్తారట అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలీదు, గంటలో వీధంతా కొట్టు ముందుంది. ఏనాడూ పావుకిలోకి మించి పంచదార కొనని లెక్కల మాస్టారు బస్తా ఎంతని అడిగారు. ఆయన బస్తా అడగడం చూసి వెనకున్నావిడ రెండు బస్తాలంది. ఇద్దరికీ షుగరు. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఒంటికి రుద్దుకునే సబ్బులు మా ఇంట్లో ఇప్పటికీ మిగిలే ఉన్నాయి.

కొట్టాయన షట్టరు సగానికి దించి, గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, రోడ్డు మీద సుద్దతో గళ్ళు గీశాడు. మనిషికి ఇంతే అని ఒక కొలత పెట్టాడు. "ఎవరికీ విడిగా దాచేది లేదు. నా బావమరిదైనా వరసలోకి రావాల్సిందే" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట వినడం మాకదే మొదలు. పొట్లాలక్క వెనక గది గుమ్మంలో నిలబడి మొగుడివంక గర్వంగా చూసింది. ఆయన బావమరిదంటే ఆవిడ తమ్ముడే, అయినా గర్వపడింది.

ఇక మిషనమ్మ సంగతి. వీధి చివర ఇల్లు, ఒంటరి మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ముందుగదిలో కుట్టుమిషను, గిరాకీల బట్టలు పెట్టే ఇనప బీరువా. శుభకార్యాలన్నీ ఆగిపోయి కుట్టించుకునేవాళ్ళు లేక, మిగిలిన ముక్కలతో మాస్కులు కుట్టి వీధంతా ఊరికే పంచింది. కొట్టాయనకి నీలం అంచుది ఇచ్చింది. పొట్లాలక్కకి ఆకుపచ్చది. ఆవిడ రెండిటినీ వెలుతురులో పట్టుకుని చూసి, మొగుడి మాస్కుకి మూడు కుచ్చిళ్ళు, తనదానికి రెండే అని తేల్చింది.

"ఆయన మొహం పెద్దది అక్కా, అందుకని" అన్నాను.

"నీకేం తెలుసు? ఆ మొహానికి కొలతలు ఎప్పుడు తీసిందట?" అంది.

చేతిరుమాలు కూడా ఏనాడూ ఉతుక్కోని ఆ మనిషి, ఆ మాస్కు మాత్రం రోజూ తనే సబ్బు పెట్టి ఉతుక్కుని తీగ మీద ఆరేసుకునేవాడు. పెళ్ళాం ముట్టుకుంటే ఎక్కడ చిరుగుతుందోనన్నట్టు. తీగ మీద ఆ నీలం గుడ్డ ఊగుతుంటే ఆవిడకి కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

ఒకరోజు పొట్లాలక్క కొట్టు ఊడుస్తుంటే చీపురు దేనికో తగిలింది. కౌంటరు కింద, ఆయన స్టూలు వెనక, గుడ్డసంచీ. లోపల పొట్లాలు. అన్నీ తను కట్టినవే. పప్పు, బియ్యం, పంచదార, మంచి టీపొడి. దాచేది లేదని వీధి వీధంతటికీ చెప్పిన మనిషి దాచాడు.

"ఈ సంచీ ఎవరిదండీ?" అని అడిగింది.

"ఎవరిదో" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రం షట్టరు దించాక "కాస్త నడిచొస్తా" అన్నాడు. ఇంటినుంచి గల్లాకీ, గల్లా నుంచి ఇంటికీ తప్ప నడక ఎరగని మనిషి! ఆవిడ సందు తలుపు ఓరగా తీసి చూసింది. ఆయన సంచీ పట్టుకుని తిన్నగా వీధి చివరికి వెళ్ళాడు. మిషనమ్మ తలుపు తీసింది, సంచీ అందుకుంది. గుమ్మంలో ఏదో మాట్లాడుకున్నారు. ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వాడు.

మర్నాడు పొట్లాలక్క మా గోడ దగ్గరికొచ్చి ఆ నవ్వు గురించే చెప్పింది. సంచీ గురించి తర్వాత చెప్పింది.

"నవ్వాడే! భుజాలు ఊగేట్టు నవ్వాడు. నా పెళ్ళి ఫొటోలో కూడా అలా నవ్వలేదు."

"ఆవిడ అన్నయ్యా అనే పిలుస్తుంది కదక్కా."

"పిలుపుదేముంది? పోస్టాయన్ని కూడా అన్నయ్యా అంటుంది. ఆయనకి సంచీలు మోయించడం లేదుగా?"

"ఓసారి అడిగెయ్యరాదూ?"

"అడిగి చెప్పించుకుంటే అది చెప్పినట్టా?" అంది.

రోజూ అదే తంతు. కౌంటరు కింద సంచీ, సాయంత్రం నడక. పోనీ ఇంట్లో అన్నీ నిండుగా ఉన్నాయా అంటే అదీ లేదు. సందు తలుపు దగ్గర దగ్గేవాళ్ళు పదింతలయ్యారు, వంటింటి డబ్బాలు బోర్లించిన కాడికి వచ్చాయి. మనకో పంచదార పొట్లం తీసుకోనా అని అడిగితే, "ఉన్నదాంతో సరిపెట్టు. జనానికే లేదు" అన్నాడాయన. పెళ్ళానికి చప్పటి టీ, వీధి చివరికి పంచదార! పొయ్యి వెలిగించకుండానే ఆవిడ ఒళ్ళు కుతకుతా ఉడికిపోయింది.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. నేలమీద పడిన గింజ మళ్ళీ బస్తాలో పొయ్యరు. సాయంత్రం ఊడ్చి ఒక డబ్బాలో పోసి, పొద్దున్నే డాబా మీద పావురాలకి చల్లుతారు. ఆ రోజుల్లో తోపులాటలకి బోలెడు ఒలికేది. పప్పూ బియ్యం రాళ్ళూ మట్టీ కలిసి డబ్బా నిండిపోయేది. ఆవిడ కన్ను దాని మీద పడింది.

మధ్యాహ్నం ఆయన భోంచేసి ఓ కునుకు తీసేవాడు. ఆ కాసేపట్లో ఆవిడ సంచీ వెనక గదిలోకి తెచ్చి, పొట్లాలు విప్పి, మంచి సరుకు తీసేసి డబ్బాలోది నింపేది. పంచదార పొట్లంలో సగానికి పైగా రాళ్ళఉప్పు కలిపింది. మళ్ళీ అదే పేపరు, అదే ముడి. ఆ ముడి వేసేది లోకంలో ఆవిడ ఒక్కతే కాబట్టి ఆయన ఎన్ని జన్మలెత్తినా కనిపెట్టలేడు. తక్కువ తూచడం చేతకాని చెయ్యి, ఆ మట్టిని కూడా సమానంగానే తూచింది.

"ఏరుకోనీ. సూదిలో దారం ఎక్కించే కళ్ళు కదా, కూర్చుని ఏరుకోనీ" అని నాతో అంది.

"అక్కా, పాపం కదా" అన్నాను.

"నా పాపం సంగతి ఎవరికైనా పట్టిందా?" అని కళ్ళొత్తుకుంది. తీసిన మంచి సరుకు సందు తలుపు దగ్గర పంచేసింది. డాబా మీద పావురాలు మాత్రం పస్తులుండి, పిట్టగోడ మీద అవీ వరస కట్టాయి.

ఇది కొన్ని వారాలు నడిచింది. ఇంతలో మా వీధిలోనే జ్వరాలు మొదలయ్యాయి. రెండు చివరలా కర్రలు అడ్డం కట్టి, ఎవరూ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదన్నారు. సరుకు లారీ ఆగిపోయింది. కొట్టులో అప్పటికే బస్తాలు దులిపేశారు. ఆయన షట్టరు పూర్తిగా దించేశాడు. పొట్లాలక్క వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ తీసి చూసి, గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా ఇంట్లో సబ్బులున్నాయి. ఉన్న కాస్త బియ్యంలో ఓ పిడికెడు పోశాను. ఆవిడ మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ గిన్నె చూసి ఆయన నవ్వాడట. భుజాలు ఊగేట్టు. ఫోను తీసి, "పంపించెయ్యమ్మా, ఇక సమయం వచ్చింది" అన్నాడు.

కాసేపటికి మిషనమ్మ ఎవరిదో కూరగాయల తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చింది. బండి నిండా గుడ్డసంచులు. గుమ్మం ముందు ఒక్కొక్కటీ దించి, వెనక్కి జరిగి నిలబడింది. నేను గోడ అవతలినుంచి అంతా చూస్తూనే ఉన్నాను.

"వదినా, ఇదిగో మీ సామాను" అంది.

"మా సామానా?" అంది పొట్లాలక్క.

"మీదే. 'మా ఆవిడ దగ్గరుంటే అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి పస్తుంటుంది, నీ బీరువాలో పెట్టమ్మా, చెప్పకు' అన్నాడు అన్నయ్య. రోజూ మీ గురించే చెప్పి నవ్వుకునేవాళ్ళం."

పొట్లాలక్క గుమ్మం పట్టుకుంది. మిషనమ్మ అక్కడితో ఆగితే బాగుండేది.

"ఒక పొట్లం తడికి చినిగింది వదినా. వేరే డబ్బాలో పోద్దామని విప్పాను. చూసి ఏడుపొచ్చింది. మంచిదంతా జనానికి అమ్మి, మీరు తినడానికి నేల ఊడ్చింది దాచుకున్నారా! ఇలాంటివాళ్ళు ఇంకెక్కడైనా ఉంటారా? ఉండబట్టలేక వీధిలో అందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను. ఏమీ అనుకోకండి."

చేసింది. బండి తెచ్చేముందే నాకూ చేసింది. పొట్లాలక్కకి ముందే చెబుదామా అంటే, ఆ సంచులు ఎవరివో అప్పటికే నాకర్థమైంది, ఆ మాట నా నోటితో చెప్పలేకపోయాను.

కొట్టాయన వంగి ఒక పొట్లం తీశాడు. కొట్టు కత్తితో ముడి కోసి, పేపరు తెరిచి చూశాడు. ఇంకోటి తెరిచాడు. పెళ్ళాంవంక చూశాడు. ఆవిడ తలుపు చెక్కలో కలిసిపోతే బాగుండునన్నట్టు నిలబడింది.

"అవునమ్మా" అన్నాడు మిషనమ్మతో. "మా ఆవిడే కట్టింది."

అంతే అన్నాడు. మిషనమ్మ చేతులు జోడించి, ఖాళీ బండి నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత లోపల జరిగింది పొట్లాలక్క నాకు చాలా రోజులకి చెప్పింది. ఇద్దరూ చెరో చేట పెట్టుకుని రాళ్ళు ఏరుతూ కూర్చున్నారట. బయట వీధివాళ్ళు దూరం నుంచే దండాలు పెట్టి పోతున్నారట. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆవిడ అంది.

"ఆవిడకనుకున్నావా?" అన్నాడు ఆయన.

"అనుకున్నాను."

"అడిగితే చెప్పేవాణ్ణి కదా."

"అడిగాను. ఎవరిదో అన్నారు."

ఆయన మళ్ళీ చేటలోకి వంగాడు. "నీకు చెబితే మిగలనివ్వవు. నీకోసమే కదా దాచింది" అన్నాడు.

అప్పుడు ఆవిడ చేట పక్కన పెట్టేసిందట.

"నేను చేసింది తప్పే. రాళ్ళన్నీ నేనే ఏరతాను. కానీ ఒక్కటి చెప్పండి. పప్పు నాకు దాచారు, మాట ఆవిడతో పంచుకున్నారు. ఇన్నేళ్ళలో నేను మిమ్మల్ని ఏనాడైనా పప్పు కావాలని అడిగానా?"