ఆర్లిస్ హాగెన్ కట్టిన తూటాల బల్ల

వెండెల్ హాగెన్ ఆ మధ్యాహ్నం తుపాకి మందు మళ్లీ నేలపాలు చేశాడు. చిన్న చెంచాతో త్రాసు పళ్లెంలోకి గింజ గింజగా జార్చాల్సిన మందు, చెయ్యి ఒక్కసారి వణికేసరికి గుప్పెడంత గరాజు నేల మీద నల్లగా పరుచుకుంది. వంటింటి తలుపు దగ్గర నిలబడి భార్య ఆర్లిస్ అంతా చూసింది. అతను చీపురు అందుకున్నాడు గాని ఆమె వైపు తిరగలేదు.

“ఈ దిక్కుమాలిన బల్ల! ప్రెస్సు మీట లాగితే చాలు, గుర్రంలా ఎగురుతుంది. ఇక త్రాసు ముల్లు ఎక్కడ నిలుస్తుంది? చాలు, ఈ సామానంతా తమ్ముడు లైల్‌కి ఇచ్చేస్తా. తూటాలు కొట్లో దొరుకుతాయిగా.”

మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో కొట్లో తూటాలు కొనుక్కునే వాళ్లకేం కొదవ లేదు. కాని వెండెల్ పెళ్లికి ముందు నుంచీ తన తూటాలు తానే నింపుకునే మనిషి. పేలిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చి, కడిగి, ప్రెస్సులో పెట్టి నొక్కి మళ్లీ కొలతకు తెచ్చేవాడు. కొత్త మందు తూచి పోసి, పైన గుండు బిగించేవాడు. అలాంటివాడు సామాను ఇచ్చేస్తానన్నాడంటే అది బల్ల మీద కోపం కాదు. చలికాలం మొదట్లో డాక్టరు చెప్పిన జబ్బు పేరు ఆ ఇంట్లో ఇద్దరూ పైకి అనడం లేదు, అంతే.

“తప్పు బల్లదేనా?” అంది ఆర్లిస్.

“మరెవరిది?”

“అయితే కొత్త బల్ల కడతా. ఆ తర్వాత కూడా ఇచ్చెయ్యాలనిపిస్తే ఇచ్చేద్దువుగాని.”

కడతానంటే కట్టగలదు. గోధుమ పొలాల్లో పుట్టిన పిల్ల. కోత యంత్రం కింద దూరిన తండ్రికి, అడిగిన పానా అడిగినట్టు అందిస్తూ పెరిగింది. పెళ్లయ్యాక ఊళ్లో, సీసాల్లాంటి చెక్క పిన్నులను బంతి దొర్లించి పడగొట్టే బౌలింగ్ హాల్లో ఆటగాళ్లకు బూట్లు అద్దెకిచ్చే పనిలో చేరింది. ఒక శుక్రవారం పోటీ మధ్యలో, పడిన పిన్నులు మళ్లీ నిలబెట్టే యంత్రం బిగుసుకుపోయింది. మెకానిక్కు తాగి ఇంట్లో పడుకున్నాడు. ఆర్లిస్ వెనక్కి దూరింది. బయటికొచ్చేసరికి మోచేతుల దాకా గ్రీజు, యంత్రం మాత్రం గడగడా తిరుగుతోంది. మర్నాటి నుంచి బూట్లు ఇంకెవరో ఇచ్చారు. హాలు మూతపడే దాకా ఆ యంత్రాలన్నీ ఆమెవే.

మూసేసిన రోజున తలా ఒక గుర్తు పట్టుకెళ్లమన్నాడు యజమాని. అందరూ పిన్నులూ బంతులూ తీసుకుంటే, ఆర్లిస్ బంతి దొర్లే బాటలోంచి పెద్ద ముక్క అడిగింది. మేపుల్ చెక్క, జానెడు మందం లేకపోయినా ఇనుముతో సమానం. నలుగురు మగవాళ్లు మోసి, తిట్టుకుంటూ ఆమె షెడ్డులో పడేశారు.

ఇప్పుడు దాన్ని కోయడానికి వెండెల్ తమ్ముడు లైల్ తన కరెంటు రంపం పట్టుకొచ్చాడు.

“ఆగు లైల్. అది ఒకే పలక కాదు. సన్నటి పట్టెలు పక్కపక్కన పేర్చి మేకులు కొట్టారు. లోపలంతా మేకులే.”

“నా రంపం ఎలాంటిదో నీకు తెలీదు.”

“నాకు ఆ చెక్క తెలుసు.”

లైల్ వినలేదు. రంపం కీచుమంది, నిప్పురవ్వలు లేచాయి, రెండు పళ్లు ఊడి ఎక్కడో పడ్డాయి.

“ఇంకొకటి ఉందా, ఇదొక్కటేనా?” అంది ఆర్లిస్ తొణక్కుండా.

దారానికి అయస్కాంతం కట్టి చెక్క మీద మెల్లగా ఆడించింది. అది ఆగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, మేకుల సందులోంచి గీత గీసింది. లైల్ రంపానికి కొత్త బిళ్ల బిగించి గీత వెంబడే కోశాడు.

కాళ్లకు లావుపాటి దూలాలు. నాలుగూ ఒకే పొడవున కోసి, అడ్డపట్టీలు బోల్టులతో బిగించి, చట్రం గోడవారగా నిలబెట్టింది. రసమట్టం పెట్టి చూస్తే బుడగ గోడ వైపు పరుగెత్తింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అదే.

వెనకాల వెండెల్ నవ్వడం వినిపించింది. మందు ఒలికిన రోజు తర్వాత ఆ నవ్వు వినడం అదే మొదలు.

“నన్ను అడగొచ్చుగా మహాతల్లీ! ఈ నేల పోసింది నేను. ట్రక్కు మీద మంచు కరిగితే నీళ్లు బయటికి పోవాలని తలుపు వైపు వాలు ఇచ్చా.”

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావా?”

“నీళ్లు పోతున్నాయిగా, చెప్పడం ఎందుకు?”

ఆమె వెనక కాళ్లు కోసి కురచ చేసింది. ఆ తర్వాత అతను కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు. గోడ మీద వేళ్లతో తట్టి, చప్పుడును బట్టి లోపల నిలువు దూలాలు ఎక్కడున్నాయో చెప్పాడు. బల్లను ఆ దూలాలకే పొడుగాటి మరలతో బిగించింది. ఎత్తు మాత్రం అతన్ని అడగలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, మోచేయి ఎక్కడ ఆనుతుందో అక్కడ పెన్సిలుతో గీసింది.

పైన బాట ముక్క ఎక్కించి బిగించాక లైల్ బూట్లతో సహా బల్లెక్కి గెంతాడు. షెల్ఫులో డబ్బాలు కదిలాయి, బల్ల కదల్లేదు.

“దీని మీద ఎద్దును నిలబెట్టొచ్చు,” అన్నాడు.

“ఇప్పుడు నిలబడిందిగా,” అన్నాడు వెండెల్.

లైల్ వెళ్లాక వెండెల్ ప్రెస్సు బిగించి మీట లాగాడు. పక్కనే ఉన్న త్రాసు ముల్లు వెంట్రుకంత కూడా ఊగలేదు. సంతోషంగా మందు చెంచా తీసుకున్నాడు. మోచేయి బల్ల మీద ఆనించాడు, ఊపిరి బిగబట్టాడు. మందు సగం పళ్లెంలో పడింది, సగం మేపుల్ చెక్క మీద పడింది.

వెండెల్ ఒలికిన మందును అరచేత్తో పక్కకు తోశాడు.

“బల్ల కాదు, ఆర్లిస్.”

“తెలుసు.”

“తెలిసీ ఇంత చాకిరీ ఎందుకు చేశావు?”

“బల్ల కూడా చెడ్డదేగా. బాగుచెయ్యగలిగింది బాగుచేశా. చెంచా ఇలా తే. నేను తూస్తా, నువ్వు మీట లాగు.”

“నీకు తూచడం వచ్చా?”

“నేర్పు.”

నేర్పాడు. మాస్టారుగా వట్టి ముక్కోపి. బల్ల దగ్గర కాఫీ కప్పు కనిపిస్తే అరిచేవాడు, రేడియో పెడితే ఆపేసేవాడు. పోసిన ప్రతి గొట్టంలోకీ దీపం వేసి చూడమనేవాడు. మీట బలంగా లాగేటప్పుడు అతని చెయ్యి మాట వినేది. లాగిన ప్రతిసారీ బల్ల బదులు పలక్కపోవడం చూసి, ఒకరోజు చెక్కను అరచేత్తో తట్టి, “మంచి పని చేశావే,” అన్నాడు. వెండెల్ నోట అంత పొగడ్త రావడం అరుదు.

హాల్లో పోటీలన్నీ వేట కాలంలోనే జరిగేవి కాబట్టి ఆర్లిస్ అంతవరకూ వేటకు వెళ్లనే లేదు. ఆ నవంబరులో వెండెల్ తుపాకి ఆమె భుజానికెక్కింది. లోయ అవతల మగ దుప్పి పక్కకు తిరిగి నిలబడింది. వెండెల్ ఆమె పక్కనే మంచులో బోర్లా పడుకుని దూరదర్శినిలో చూస్తూ, “తొందరపడకు, అది నీకోసమే ఆగింది,” అన్నాడు. ఒక్క తూటాతో దుప్పి కూలింది. అక్కడి నుంచి ట్రక్కు దాకా ఈడ్చుకు రావడానికి లైల్‌ని పిలవాల్సి వచ్చింది. దారంతా అతను, “మొదటిసారికే ఇంత పెద్దదా, మా వీపులు విరగ్గొట్టడానికే!” అని సణుగుతూనే ఉన్నాడు.

రెండేళ్లకు వెండెల్‌కు మీట కూడా బరువైంది. ఇద్దరి పనీ ఆర్లిసే అందుకుంది. అతను స్టూలు మీద కూర్చుని, ఇత్తడి గొట్టాలను వెలుతురుకు ఎత్తి పట్టి, బీటలు వారిన వాటిని పక్కన పడేస్తాడు. ఊళ్లో కొత్తగా వేట మొదలుపెట్టిన ఇద్దరు ఆడవాళ్లు తూటాలు నింపడం నేర్చుకోవడానికి వారం వారం వస్తున్నారు. తూచడం ఆర్లిస్ చూపిస్తుంది. తిట్టే పని మాత్రం వెండెల్ ఎవరికీ వదిలిపెట్టలేదు.