యాకూబ్ చాచా అక్షరాలతో మేము కట్టుకున్న ఫాంటు

1996. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మా ప్రింటింగ్ ప్రెస్. నేను డీటీపీ ఆపరేటర్‌ని, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి పేజీలు తయారుచేసే మనిషిని. పక్క గదిలో యాకూబ్ చాచా ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చిన కంపోజిటర్. కంప్యూటర్ వచ్చాక సీసంతో అచ్చేసే మిషన్ అమ్మేశారు. సీసం అక్షరాల అరలూ, ప్రూఫ్ అంటే మచ్చు ప్రతి తీసే చిన్న చేతి యంత్రమూ, చాచా మాత్రం మిగిలారు.

ఆ ఏడు కొత్తగా చదువు నేర్చుకునే ఆడవాళ్ల కోసం ఒక వాచకం అచ్చుకు వచ్చింది. బజారులో కొన్న ఫాంటుతో, అంటే ఒకే తీరు అక్షరాలుండే ఫైలుతో, మొదటి పాఠాలు కూర్చాను. చూసి చెప్పమని నకిరేకల్‌లో చదువు నేర్చుకుంటున్న సైదమ్మను పిలిపించారు. ఆమె కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, ఠపీమని బల్ల మీద పెట్టింది.

"గివి అక్షరాలా బిడ్డా, ఆవాలా? పాత పుస్తకంల మంచిగ కానొస్తుండె."

ఆ పాత పుస్తకం చాచా కూర్చింది. మా యజమాని అక్కడే తేల్చేశాడు. "పది రోజులల్ల ఈమె చదివేటట్టు చెయ్యకుంటే పని హైదరాబాద్ పోతది. ఇగ చాచాకు గూడ ఇక్కడ పనుండదు."

ఫాంటు అమ్మిన డీలరుకు ఫోన్ చేసి, లావుగా ఉండే అక్షరాలు కావాలన్నాను.

"ఫాంటు చేయడమంటే పెద్ద కంపెనీల పనమ్మా. నల్గొండలో కూర్చుని అడిగితే అయిపోతుందా? ఉన్నదాంతో సర్దుకోండి."

ఒళ్లు మండిపోయింది. "సర్దుకోం సార్. మేమే చేసుకుంటం" అని ఫోన్ పెట్టేశాను. ఎట్లా చేస్తానో నాకే తెలియదు!

ఇంజినీరింగ్ చదివిన మా మేనమామ కొడుకు ఫ్లాపీలో అసెంబ్లర్ అనే ఒక ప్రోగ్రాం తెచ్చిచ్చాడు. అందులో మౌస్‌తో పనిలేదు. నల్లటి తెర మీద కమాండ్ టైపు చేయడమే. ఒక్కో అక్షరం వంపులను అంకెలుగా రాసిన టెక్స్ట్ ఫైలు ఇస్తే, అన్నిటినీ కలిపి ఫాంటుగా కట్టిస్తుంది. ఒక్క వరుస తప్పినా మొత్తం తిప్పికొడుతుంది. చాచా సీసం అక్షరాలకు సిరా పూసి ప్రూఫులు తీశాడు. మొదటి నాలుగు పాఠాలకు సరిపడా అక్షరాలను నేను గళ్ల కాగితం మీద పెద్దవిగా గీసి, అంకెలు రాసుకున్నాను. ఏ అక్షరానికి ఎంత వెడల్పో చాచా రాసిచ్చాడు.

ఎనిమిదో రోజు అసెంబ్లర్ కిక్కురుమనకుండా ఫాంటు ఇచ్చింది. అచ్చు తీసి చూశాను. ఒక్క వత్తూ అక్షరం కిందికి పోలేదు. అన్నీ ఎడంగా, పక్కన నిలబడ్డాయి.

"చాచా, వత్తుల వెడల్పు సున్నా పెట్టాలె గదా!"

"సున్నానా? జాగా లేకుంటే గది యాడ నిలబడ్తది? ముక్కంటే ముక్కే."

సీసంలో వత్తు కూడా ఒక ముక్క. దాని చోటు దానికి ఉండాల్సిందే. కంప్యూటర్‌లో అది వెనక్కి జరిగి ముందున్న అక్షరం కింద కూర్చుంటుందని బొమ్మ గీసి చూపించాను. చాచా బొమ్మలోని వత్తు మీద వేలు పెట్టి, వెనక్కి జరిపి చూశాడు.

"జర గా కాగితం ఇటియ్యి" అన్నాడు చివరికి. ఏ వత్తు ఎంత వెనక్కి జరగాలో కంటితోనే అంచనా కట్టి, అన్నీ తిరగరాశాడు. ఒక్కటి కూడా నేను మార్చాల్సి రాలేదు.

పదో రోజు సైదమ్మ వేలు పెట్టి చదివింది. "అక్క... బువ్వ... వండింది." కాగితం దించి మా ముఖాలు చూసింది. "అక్షరాలు బాగున్నయ్. గని సదువొచ్చినంక గూడ బువ్వ వండుడేనా? వేరే ముచ్చట రాయరాదుండ్రి?"

చాచా పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మిగతా అక్షరాలు కూడా కట్టుకున్నాక వాచకం మా దగ్గరే అచ్చయింది. మొదటి పాఠం కూడా మారింది.

నెల తర్వాత ఆ వాచకం చూసి డీలరు స్వయంగా దిగాడు. ఫాంటు తన కంపెనీ పేరుతో అమ్ముతానన్నాడు.

"నల్గొండల గాదంటిరి గద సార్," అన్నాడు చాచా. "అయింది. ఇగ మీరు పోయి రండ్రి."

ఫైలు పైవరుసలో ఫాంటు పేరు రాయాలి. నేను అక్కడ యాకూబ్ అని ఎప్పుడో టైపు చేశాను. ఆయన కుర్చీ నా పక్కకు వచ్చింది. 'మీతో కాదు' అన్నవాణ్ని ఆ తర్వాత నేను రెండోసారి సలహా అడగలేదు. పని తెలిసిన మనిషి పక్క గదిలో ఉన్నాడేమో, ముందు అది చూస్తాను.