సంగటి వంతు

ఫ్యాను కింద కూర్చుని చేసే భక్తి భక్తే కాదని మా పాస్టరుగారు అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఫ్యాను కింద చోటు కోసం అందరికంటే ముందు చర్చికి వచ్చేది నేనే. ఆ కోపంతోనే ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను.

అక్కడ నేతగాళ్ల వీధిలో ఒక ముసలామె పక్షవాతంతో మంచం పట్టి ఉందని అంతకుముందే విన్నాను. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాకు అసలే రోగుల వాసన పడదు. అయినా నాలుగు ఆదివారాలు వెళ్లి ఒళ్లు తుడిచాను, చీర మార్చాను, తలమీద చెయ్యి పెట్టి వీధంతా వినపడేలా ప్రార్థన చేశాను.

ఐదో ఆదివారం ఆమె పనిచేసే చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రావద్దమ్మా. ముందు వీధిలో ఇంటికో దినం వంతేసుకోని సంగటి పెడతాంటిరి. ఇప్పుడు ఆయమ్మకు సర్చోళ్లుండారు లే అని ఎవురూ రావడం ల్యా. నువ్వు వారానికొకసారి వస్తావు. ఆకలి దినామూ అయితాదే."

మళ్లీ వంతులు మొదలుపెట్టమని పక్కింటామెను బతిమాలాను. ఆమె గడప దాటలేదు. "మీరు పట్టుకున్నారు గదా మేడం, మీరే సూసుకోండి" అంది.

రోజూ రాలేనని నాకు తెలుసు. మళ్లీ వెళ్లలేదు కూడా.

ఆ రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి తగలగానే నాకు ముందు తోచింది, రేపు ఆమెకు సంగటి ఎవరు పెడతారని కాదు. ఇక ఆ వాసన భరించక్కర్లేదని.