ముందు ఎవరు వాడాలి?

నాచారంలో మా కంపెనీ క్యాన్సర్ మందు తయారుచేస్తుంది. రసాయనాలు కలిపి చేసే మందు కాదు. బతికున్న కణాలను పెంచి, అవి విడిచే ప్రోటీన్ నుంచి తీసే మందు. కణాలు పెంచే పని నాది. అవి పెరిగే పెద్ద ప్లాస్టిక్ సంచి మాత్రం విదేశాల నుంచే రావాలి.

ఒక వానాకాలం సంచులు రాలేదు. ఇంకా ఆలస్యమవుతుందని మెయిల్ వచ్చింది. చిన్న పాత్రల్లో కణాలు నిండుగా పెరిగి, సంచిలోకి మార్చాల్సిన దశకు వచ్చాయి. అవి మనకోసం ఆగవు. బ్లీచ్ పోసి పారబోయించాను. ఆ రోజు అన్నం సయించలేదు.

ఉప్పల్‌లో సెలైన్ సంచులు చేసే ఒకాయన ఉన్నారని తెలిసి వెళ్లాను. వరంగల్ దిక్కు మనిషి, ప్లాస్టిక్ ఇంజినీరు.

"జేద్దాం మేడం. ఏం గావాల్నో జెప్పుండ్రి" అన్నాడాయన.

మొదటి సంచుల్లో కణాలన్నీ చచ్చిపోయాయి. ప్లాస్టిక్ నుంచి ఏదో ఊరుతోంది. ఆయన విసుక్కోలేదు. ప్లాస్టిక్ మార్చాడు, దుమ్ము చొరబడని గది కట్టించాడు, మళ్లీ చేశాడు. చివరికి కణాలు పెరిగాయి. పిలిస్తే వచ్చి మైక్రోస్కోపులో చూశాడు.

"గివేనా? మస్తున్నయ్ మేడం!" అని నవ్వాడు.

ఆ ఫలితాలన్నీ మా నాణ్యతా విభాగం పెద్దాయన ముందు పెట్టాను.

"ఇంతకుముందు ఎవరు వాడారమ్మా?"

"ఎవరూ వాడలేదు సార్. మనమే మొదలు."

"మరి రేపు తనిఖీకొచ్చిన ఆడిటర్ అడిగితే ఏం చెప్పను? రోగికి ఎక్కించే మందు ఇది."

ఆయన భయం అబద్ధం కాదు. అందుకే ఇంకా మండింది. ఇంకా పరీక్షలు చేద్దామన్నాను. మనకెందుకన్నారు. తెలిసిన వేరే కంపెనీలకు ఫోన్ చేశాను. అందరిదీ ఒకటే మాట: "ముందు మీరు వాడండి, తర్వాత చూస్తాం."

ఉప్పల్ వెళ్లి ఆ మాటే చెప్పాను.

"ముందు ఎవ్వలు వాడకపోతే తర్వాతెవ్వలు వాడుతరు మేడం?"

"నాకూ అర్థం కావట్లేదన్నా" అన్నాను. అప్పటిదాకా ఆయనను అన్నా అని పిలవలేదు.

దుమ్ము చొరబడకుండా కట్టించిన ఆ గదిని ఇప్పుడు చేతిగ్లౌజుల వ్యాపారికి అద్దెకిచ్చాడు. మొన్న మా కంపెనీలో స్వదేశీ తయారీ మీద సభ పెట్టి, నన్ను మాట్లాడమన్నారు. నేను మాట్లాడనని చెప్పేశాను.