హైదరాబాదులో ఏం పని?

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూ హెప్సిబా, "ఒకసారి హైదరాబాదు వెళ్లొద్దామండీ" అంది.

పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న దేవానందం మాస్టారు ఎర్ర పెన్ను కింద పెట్టేశాడు. "ఎక్కడ నొప్పి?" అన్నాడు.

"నొప్పేం లేదు. ఊరు చూసొద్దామని."

"డాక్టరుగారు ఏమన్నా ఫోన్ చేశారా?"

"ఆయనెందుకు చేస్తారు? శనాదివారాలు వెళ్లి, చూసేవి చూసి, నాలుగు చోట్ల తినొద్దామంటున్నాను."

ఆయన కాసేపు భార్య మొహంలోకి చూశాడు. ఆమె మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. అడగాల్సింది ఇంకేదో ఉందని ఆయనకనిపించింది గాని, అదేమిటో తోచలేదు.

దేవానందం విస్సన్నపేట దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఇల్లు తిరువూరులో, చర్చి వెనక వీధిలో. పొద్దున్నే బస్సెక్కి బడికి పోవడం, సాయంత్రం బస్సులోనే రావడం. హెప్సిబా అంగన్‌వాడీ టీచరు. కూతురు రూత్ పెళ్లయి బాపట్లలో ఉంది. మూడేళ్ల కిందట హెప్సిబాకు రొమ్ములో గడ్డ కనపడింది. విజయవాడలో చూసి హైదరాబాదు పొమ్మన్నారు. అప్పటినుంచి ఏడాదికి పైగా ఆ ఊరికీ ఈ ఊరికీ మధ్య తిరగడమే సరిపోయింది. దేవుడి దయవల్ల తగ్గింది. జుట్టు తిరిగి వచ్చింది, ఒంట్లోకి కాస్త రక్తమూ వచ్చింది.

అన్నిసార్లు వెళ్లినా, హైదరాబాదంటే దేవానందానికి ఒక్క రోడ్డే. బస్టాండులో దిగి ఆటో ఎక్కడం, ఆసుపత్రి, దాని పక్క సందులో లాడ్జి, ఎదురుగా పెరుగన్నం దొరికే మెస్సు, మందుల షాపు. అంతకు మించి ఆ ఊళ్లో ఇంకేమైనా ఉందన్న సంగతి ఆయన పాఠంలో చెప్పాడే గాని, కళ్లతో చూడలేదు.

"సరే, ఏం చూస్తావు?" అని మర్నాడు అడిగాడు. చార్మినార్ అంటుందనుకున్నాడు.

హెప్సిబా చెప్పినవి వేరు. కొండ మీద ఒక కోటగోడ ఉందట, దాని కిందంతా ఇళ్లట. సాయంకాలపు ఎండ పడి గోడ ఎర్రగా ఉందట. ఇంకోచోట రోడ్డు పక్కన ఇటుకలతో ఎత్తుగా అరుగులాంటిది కట్టారట. ఇద్దరు మనుషులు దాని మీదకెక్కి రోకళ్లలాంటి కర్రలతో గుంటలో ఏదో దంచుతున్నారట. లోపలినుంచి ఆవిరి వస్తోందట. మరోచోట రాతి మేడ, మేడ మీద గడియారం, కింద జనం నిలబడి కప్పుల్లో ఏదో తింటున్నారట.

"వాటి పేర్లేంటి?"

"నాకేం తెలుసు? మందెక్కించాక ఆటోలో, బస్సులో కళ్లు మూతలు పడిపోయేవి. మధ్యలో తెరిస్తే కనపడినవి ఇవి."

ఆ ఆటోలన్నిట్లో, బస్సులన్నిట్లో ఆయన ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎంత గుర్తు తెచ్చుకున్నా ఒక గోడా గుర్తు రాలేదు, గడియారమూ గుర్తు రాలేదు. అసలు ఇద్దరూ వెళ్లింది ఒకే ఊరికేనా అన్న అనుమానం వచ్చింది.

పక్క వీధిలో రామమూర్తిగారని రిటైరైన తెలుగు పండితులున్నారు. కూతురు శర్వాణి హైదరాబాదులో కాపురం. దేవానందం వెళ్లి ఆయన్ని అడిగాడు. కొండ మీద కోట అంటే గోల్కొండే, సందేహం లేదన్నారు రామమూర్తిగారు. గడియారం సికింద్రాబాదులో ఉందన్నారు. ఆ దంచేది మాత్రం బహుశా ఆయుర్వేద మందు అయ్యుండొచ్చన్నారు. అక్కడికక్కడే కూతురికి ఫోన్ కలిపితే, చార్మినార్‌కి కూడా గడియారాలున్నాయి నాన్నగారూ, ఆవిడ చూసింది అదేనేమో అంది ఆ అమ్మాయి. ఇంటికొచ్చి ఈ మాట చెబితే, చార్మినార్ తెలియకుండా ఉన్నానా అని హెప్సిబా నొచ్చుకుంది.

ఫోన్‌లో బొమ్మలు తీసి చూపించడం మొదలుపెట్టాడు. మొదటి బొమ్మకు ఇదేననుకుంటా అంది, రెండోదానికీ అదే మాట అంది. తర్వాత ఏదీ కాదంది. చివరికి, ఇవన్నీ చూస్తుంటే నేను చూసింది చెరిగిపోతోందండీ, ఆపేయండని ఫోన్ పక్కకి నెట్టేసింది.

స్టాఫ్ రూములో బిర్యానీ సంగతి ఎత్తి ఇంకా చిక్కులో పడ్డాడు. లెక్కల మాస్టారు ఒక హోటలు పేరు చెబితే, అక్కడ తింటే మళ్లీ ఆ ఊరి మొహం చూడరని హిందీ టీచరు అన్నారు. ఆవిడ చెప్పిన హోటలు మూతపడిందని డ్రిల్లు మాస్టారు అన్నాడు. చివరికి రామమూర్తిగారు చెప్పిన లెక్కనే పట్టుకున్నాడు. శనివారం గోల్కొండ, సాయంత్రం సికింద్రాబాదు, ఆదివారం చార్మినార్. హెప్సిబా అడ్డు చెప్పలేదు. కోట ఉంది కదా, చాలంది.

ఈలోగా వీధికి సంగతి తెలిసింది. సంగతంటే, హైదరాబాదు అన్న ఒక్క మాటే. ఎదురింటి జోజమ్మ వచ్చి గుమ్మంలోనే హెప్సిబా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాడు స్త్రీల సమాజం వాళ్లు వచ్చారు. చాపలు పరుచుకు కూర్చుని, తిరగబెట్టిన జబ్బును తీసివేయమని దేవుణ్ణి బతిమాలారు. తలమీద కొంగు కప్పుకుని హెప్సిబా కూడా ఆమెన్ అంది. తర్వాత అందరికీ టీలు పెట్టింది.

వాళ్లు వెళ్లాక, అలాంటిదేం లేదని చెప్పకపోయావా అన్నాడు దేవానందం.

"చెప్పాను. నమ్మలేదు. హైదరాబాదులో మీకేం పని అంటారు. ప్రార్థనే కదా, చేసుకోనివ్వండి."

వాళ్లు నమ్మకపోవడం కాదు, ఆ పూటనుంచి తనకే నమ్మకం పోయింది దేవానందానికి. ఈ పక్క జనం పనుంటే హైదరాబాదు వెళ్తారు. ఆసుపత్రికి, కోర్టుకి, పెళ్లికి, ఇంటర్వ్యూకి వెళ్తారు. ఊరికే చూడ్డానికి, తినడానికి పోయినవాళ్లు ఆయనకు తెలియదు. తెలిసినదొక్కటే. ఎన్నడూ ఏదీ అడగని తన తల్లి ఒకసారి ఉన్నట్టుండి సముద్రం చూస్తానంది. తీసుకెళ్లి చూపించాడు. ఆ ఏడు తిరక్కుండానే పోయింది.

హెప్సిబాని అడుగుదామనుకుంటాడు, నోరు రాదు. అన్నం ఎంత పెట్టుకుంటోందో చూస్తాడు. చెయ్యి ఛాతీ మీదికి పోతోందేమోనని చూస్తాడు. చెయ్యి పోతుంది, పమిట సర్దుకుంటుంది. దాన్ని ఏమనుకోవాలి? ప్రయాణం ముందురోజు ఆమె చూడకుండా ఆసుపత్రి ఫైలు బ్యాగులో అడుగున పెట్టాడు. బట్టలు సర్దేటప్పుడు ఆమె దాన్ని తీసి బీరువాలో పెట్టేసి, ఆ చోట్లో గొడుగు పెట్టింది.

రెండో శనివారం తెల్లవారకుండా బస్సెక్కారు. వాన తుంపర పడుతోంది. ఖమ్మంలో బస్సు నెమ్మదించేసరికి బాగా తెల్లవారింది. గోల్కొండలో ఎక్కడ దిగి ఎటు నడవాలో దేవానందం మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుంటున్నాడు. హెప్సిబా ఆయన మోచెయ్యి పట్టుకుని కుదిపింది.

"అదిగోనండీ, అదే."

ఇళ్ల కప్పుల వెనక కొండ, కొండ మీద కోటగోడ.

"ఇది ఖమ్మం ఖిల్లా కదా" అన్నాడాయన.

"ఏదో. నేను చూసింది ఇదే. అప్పుడు ఎర్రగా ఉంది. ఇప్పుడు తడిసింది, అంతే."

దేవానందం తెల్లబోయాడు. ఈ కోట గురించి ఆయన ఏడో తరగతికి పాఠం చెప్పాడు. దీని పక్కనుంచి లెక్కలేనన్నిసార్లు పోయాడు. ఇప్పుడు గోల్కొండకు వెళ్లాలా, అక్కర్లేదా? అక్కర్లేదంటే ఇవాళ రోజంతా ఏం చేయాలి? దిగి ఈ కోటే చూడాలా? అడిగేలోపు బస్సు ఊరు దాటేసింది. హెప్సిబా తృప్తిగా వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

హైదరాబాదు బస్టాండులో దిగేసరికి ఎండా వానా కలిసి కొడుతున్నాయి. ఆటో ఎక్కగానే ఎక్కడికని అడిగాడు డ్రైవరు. దేవానందం నోటివెంట ఆసుపత్రి పేరే వచ్చింది. వేరే మాట ఆ ఊళ్లో ఆ నోటికి అలవాటు లేదు.

డ్రైవరు అద్దంలోంచి చూసి గొంతు తగ్గించాడు. "ఎవలకు సార్, మంచిగ లేనిది?"

హెప్సిబా ముందుకు వంగింది. "ఎవరికీ కాదు బాబూ. అందరం బానే ఉన్నాం. ఆకలేస్తోంది, ఎక్కడన్నా మంచి బిర్యానీ పెట్టించు."

స్టాఫ్ రూములో ఎవరూ చెప్పని హోటలు దగ్గర దింపాడతను. దిగేముందు హెప్సిబా కర్రలతో దంచే మనుషుల గురించి అడిగింది. అతను నవ్వాడు. అది మాంసమూ గోధుమలూ కలిపి దంచి హలీం వండే భట్టీ అనీ, రంజాన్ నెలకని కడతారనీ, పండగ అయిపోతే పగలగొట్టి తీసేస్తారనీ చెప్పాడు. మరి అది ఏ వీధిలో అని దేవానందం అడిగితే, ఆ నెల రోజులూ అన్ని వీధుల్లోనూ ఉంటుంది సార్, ఇప్పుడు ఏ వీధిలోనూ ఉండదన్నాడు. ఉన్న ఊళ్లో లేనిదాన్ని ఎలా వెతకాలో మాస్టారికి తెలియలేదు. గడియారం మాట చెప్పగానే మాత్రం డ్రైవరు, మోజంజాహీ మార్కెట్టు, ఇక్కడికి దగ్గరే, నడిచి పోవచ్చని దారి చూపించాడు.

బిర్యానీ కారంగా ఉంది. హెప్సిబా మెతుకు మిగల్చకుండా తింది. దేవానందం ఆమె మింగే ప్రతి ముద్దా చూస్తూ తనది సగం వదిలేశాడు.

మార్కెట్టు నిజంగానే రాతి మేడ. మీద గడియారం ఉంది. కింద జనం నిలబడి ఐస్‌క్రీం తింటున్నారు. హెప్సిబా రోడ్డుకు ఆ పక్కన నిలబడి, ఆటోలు పోతుంటే వాటి మధ్యనుంచి చూసింది. ఆటోలోంచి ఎంత ఎత్తులో కనపడిందో అంత ఎత్తుకు కాస్త వంగి మరీ చూసింది. తర్వాత ఇద్దరూ వెళ్లి సీతాఫలం ఐస్‌క్రీం తీసుకున్నారు. వాన పెద్దదయింది. కమానుల కింద జనంతో పాటు ఒదిగి నిలబడ్డారు.

ఇక దేవానందం ఆగలేకపోయాడు.

"హెప్సీ, నిజం చెప్పు. ఒంట్లో మళ్లీ ఏమన్నా తెలుస్తోందా నీకు?"

ఆమె చెంచా ఆపింది. "అందుకా, ఇన్నాళ్లనుంచి నేను తింటుంటే నా మొహంలోకి చూస్తున్నారు?"

"అమ్మ కూడా అలాగే..."

"నాకేం లేదు. బానే ఉన్నాను." మళ్లీ ఐస్‌క్రీంలో చెంచా దించి అంది: "ఆ రోజుల్లో ఆటో ఎక్కితే మీరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చునేవారు. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా బయట ఏదో ఒకటి కనపడేది. ఏమండీ, అటు చూడండి అందామనుకునేదాన్ని. మీ మొహం చూసి ఊరుకునేదాన్ని. అప్పుడు చూపించలేకపోయాను. ఇప్పుడు చూపిద్దామని."

"నాకు చూపించడానికా వచ్చాం?"

"మరి? నేనెలాగూ చూశాను కదా."

తానామెను తీసుకొచ్చానని అనుకుంటున్నాడాయన ఇంతసేపూ. ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియక గడియారం వైపు చూశాడు. అది ఏ టైము చూపిస్తోందో చదివాడు గాని, బుర్రకెక్కలేదు. కరిగిపోతోంది, తినండి అంది హెప్సిబా.

ఆదివారం పొద్దున్న లాడ్జి దగ్గరలో చర్చి కనపడితే ఆరాధనకు వెళ్లి, బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డారు.

"నావి అయిపోయాయి" అంది హెప్సిబా. "ఇప్పుడు మీకేం చూడాలనుందో చెప్పండి."

చార్మినార్ అనబోయాడు. అది రామమూర్తిగారి మాట. మరో బిర్యానీ అనబోయాడు. అది స్టాఫ్ రూము మాట. తనకేం కావాలి? లోపల ఎంత తడుముకున్నా ఏదీ చేతికి తగల్లేదు. బస్సులు వచ్చిపోతున్నాయి. అన్నేళ్లుగా ఆమెకు నొప్పి తగ్గాలి, ఆమె జ్వరం దిగాలి, ఆమె రిపోర్టు బాగా రావాలి అని తప్ప తనకంటూ ఏదైనా కావాలనుకున్న గుర్తు లేదు.

"పులి" అన్నాడు.

"ఏంటి?"

"పులిని చూడాలి." ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియలేదు.

హెప్సిబా నవ్వలేదు. జూకి పోయే బస్సు ఏదని పక్కనున్న అమ్మాయిని అడిగింది.

జూలో తిరునాళ్ల జనం. దారిలో రెండుసార్లు తప్పి, ఒకసారి తాబేళ్ల దగ్గరికీ ఒకసారి మళ్లీ గేటు దగ్గరికే చేరారు. పులి ఆవరణ చేరేసరికి మధ్యాహ్నం అయింది. కందకానికి అవతల, గడ్డిలో, వీళ్లకు వీపు పెట్టి పడుకుని ఉంది. చెవి ఒకటి కదులుతోంది. పిల్లలు అరిచారు. అది లేవలేదు. జనం కాసేపు చూసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు, కొత్తవాళ్లు వస్తున్నారు.

దేవానందం కడ్డీలు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి అది లేచింది. ఒళ్లు విరుచుకుంది. నాలుగడుగులు నడిచి చెట్టునీడలోకి పోయి, మళ్లీ అటే తిరిగి పడుకుంది.

"మొహం చూపించేట్టు లేదండీ" అంది హెప్సిబా. బస్సు టైము గుర్తుచేసింది.

"ఇంకొంచెం సేపు ఉందాం" అన్నాడాయన.

ఆమె గొడుగు తెరిచి పక్కన నిలబడింది.