ముద్దుపేరు రాసిన గడి

వెబ్‌సైటు చిరునామా చివర ఏడు అంకె ఉంది. దాన్ని చెరిపి ఎనిమిది కొట్టాను. తెర మీద మా పాప ఫొటో పోయి, రెండు జడలు వేసుకున్న ఇంకో పాప ఫొటో వచ్చింది. దాని కింద తండ్రి ఫోను నంబరు, ఆటో ఎక్కే చోటు, ఆ కింద గడిలో ముద్దుపేరు. ఆ ముద్దుపేరు చదివినప్పుడే నాకు భయం మొదలైంది.

నేను మదనపల్లెలో ఎం.సి.ఏ. చదువుతున్నాను. ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టినదాన్ని. ఆ సెమిస్టరులో వెబ్ అప్లికేషన్లను పరీక్షించడం మీద ఒక పేపరు ఉంది. సైటు చెప్పిన పని చేస్తుందా అని చూడటం సగం పాఠమే. అడగకూడనిది అడిగితే ఏం చేస్తుందో చూడటం మిగతా సగం. అందుకోసం మా మేడమ్ ఒక ఉత్తుత్తి దుకాణం సైటు తయారు చేసి ఇచ్చారు. అందులో నా ఆర్డరు నంబరు మారిస్తే పక్కవాళ్ల ఆర్డరు కనబడుతుంది. వాకిట్లో ఎవరని అడిగి, లోపలికి వచ్చాక ఏ గదిలోకి పోతున్నావని అడగని ఇల్లు లాంటిది అది. ఆ మధ్యాహ్నం ల్యాబులో ఆ అభ్యాసం అయిపోయాక, పాప మార్కులు చూద్దామని పుంగనూరులో మా పిల్లల బడి సైటు నా పాస్‌వర్డుతో తెరిచాను. చెయ్యి ఊరుకోలేదు.

ముద్దుపేరుకు ఎందుకంత భయమంటే, ఆ బడిలో గేటు మాట అదే. మా ఆయన ఉద్యోగం కుప్పంలో. వారానికోసారి వస్తాడు. నా బస్సు ఆలస్యమైతే పిల్లల కోసం ఒకరోజు మా మామగారు, ఒకరోజు ఎదురింటామె వెళ్తారు. మా లాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. వచ్చినవాళ్లు బిడ్డ ముద్దుపేరు చెబితే గేటు దగ్గరి ఆయమ్మ పంపిస్తుంది. బయటివాళ్లకు అది తెలియదు కదా. ఆ ఉపాయం నాకూ నచ్చింది. అడ్మిషన్ ఫారంలో ఇద్దరి ముద్దుపేర్లూ నేనే గుండ్రంగా రాసిచ్చాను.

మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆమె ముందు నా చేతిని మౌస్ మీద నుంచి తీయించారు.

"ఎన్ని తెరిచినావు?"

"ఒకటే మేడమ్."

"అనుమతి లేకుండా ఒకటి తెరిచినా తప్పే. మొదటి క్లాసులో చెప్పింది అదే కదా? ఇంక ఆపు. ఏం చేసినావో రాసుకోనిపోయి బడివాళ్లకి నువ్వే చెప్పు. ఫ్రెండ్స్‌కి చూపించొద్దు."

పుంగనూరు బస్సులో ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని రాశాను. చెబితే నా పిల్లల్నే బడి మానిపిస్తారేమో. చెప్పకపోతే ఏమవుతుందో, అది మాత్రం ఆలోచించలేకపోయాను.

బడి ఆఫీసులో సైటు పని చూసే గుమాస్తా నా కాగితం చదివి నవ్వాడు.

"ఇదేనా అమ్మా, నేనేమో ఫీజు తగ్గించమని అర్జీ అనుకున్యా. మేమూ అట్లే నంబరు మార్చే సూస్తాము. పేరు కొట్టి ఎతకాలంటే యాడయితాది? ఒకే పేరుకి ఇంగ్లీషులో ఒకాయన హెచ్ పెడతాడు, ఇంకొకాయన పెట్టడు, ఇంకొకాయన జాతకం బాగుంటాదని ఎ అక్షరం రెండుసార్లు పెడతాడు. సైటు చేసినాయప్పకి చెప్పి ఆ నంబర్లు నేనే పెట్టించినా."

"మీరు సూస్తే సరేనప్పా. నేనూ సూసినా గదా."

"నువ్వు బిడ్డల తల్లివి. సూస్తే ఏమమ్మా?"

"పాస్‌వర్డు ఉండే ప్రతి ఇంట్లో తల్లే సూస్తాదా? ఆ పాప ముద్దుపేరు ఇప్పుడు నాకు తెలుసు. రేపు గేటు కాడ నేను ఆ పేరు చెప్తే మీ ఆయమ్మ పంపిస్తాది."

అతను నవ్వడం ఆపి కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. సైటు చేసినాయన బెంగుళూరులో ఉన్నాడనీ, సోమవారం దాకా దొరకడనీ చెప్పాడు. అప్పటిదాకా సైటు ఆపమన్నాను. అది తన చేతిలో లేదన్నాడు.

"నీ తప్పు కూడా నువ్వే రాసిచ్చినావు. మా బడి పెద్దమేడమ్ ఏమంటాదో మల్ల" అంటూ కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఆ పాప ముద్దుపేరు మరచిపోదామని చూస్తున్నాను. మరచిపోవాలనుకునే కొద్దీ నాలుక మీదికి వస్తోంది. లోపం సైటుదేనని కాగితంలో రాశాను గానీ, ఇంట్లో నలుగురికే తెలియాల్సిన మాటను గడిలో రాసిచ్చింది మేమే. రాసేటప్పుడు, దీన్ని ఎవరు చదువుతారని నాతో సహా ఏ తల్లీ అడగలేదు. సోమవారానికి ఇంకా రెండు బడి రోజులున్నాయి. ఇంట్లో ఉంచేద్దామంటే పాపకు పరీక్షలు.

మర్నాడు పొద్దున సాక్సులు తొడుగుతూ ఇద్దరికీ చెప్పాను.

"గేటు కాడ ఎవురన్నా మీ ముద్దుపేరు చెప్పి పిలిస్తే పోవద్దండి. పేరు తెలిసినంత మాత్రాన మనోళ్లు కాదు. నేను ఆయమ్మకి ఫోన్ చేసేదాకా లోపలే కూసోండి."

"తాతొచ్చినా?" అంది పాప.

"తాతొచ్చినా."